నాలుగో తొట్టి సగటు

తూకాల పిన్ని చెయ్యి అబద్ధం చెప్పదని ఆ షెడ్డులో చేపలకి తప్ప అందరికీ తెలుసు. చేపలకి కూడా తెలుసని, వాటికి మేత వేసే మేత మామ వాదిస్తాడు కానీ, ఆయన మాటలు అన్నీ పట్టించుకుంటే పనులు సాగవు. పంతొమ్మిదేళ్ళుగా పిన్ని చేసే పని ఒక్కటే. తొట్టిలో చేతివల ముంచుతుంది. ముప్పై చేపలు తీస్తుంది. కాటా మీద నీళ్ళ బకెట్ పెట్టి, అంకె సున్నాకి తెచ్చి, ఒక్కొక్క చేపనీ అందులో వేసి బరువు చూస్తుంది, పుస్తకంలో రాస్తుంది, చేపని మళ్ళీ తొట్టిలోకి వదిలేస్తుంది. అసలు విశేషం ఏమిటంటే కాటాలో అంకె నిలబడేలోపే ఆవిడ నోట్లోంచి "నూట తొంభై" అని వచ్చేస్తుంది. కాటా తీరిగ్గా అటూ ఇటూ ఊగి, చివరికి నూట తొంభై గ్రాముల దగ్గరే ఆగుతుంది.

షెడ్డు అంటే చెరువు గట్టు మీద వేసిన పాక అనుకునేరు. కిటికీల్లేని పెద్ద హాలు. అందులో పన్నెండు గుండ్రటి తొట్లు, ఒక్కొక్కటీ మనిషి ఛాతీ ఎత్తు. తొట్టిలో నీళ్ళు ఫిల్టర్‌లోకి, ఫిల్టర్‌లో నీళ్ళు తొట్టిలోకి తిరుగుతూనే ఉంటాయి. బయట వాన పడినా ఎండ కాసినా లోపలి చేపలకి ఒకటే కాలం. ఈ సంస్థానానికి యజమాని పిన్ని మొగుడు. పనివాళ్ళు ఆయన్ని బాబాయి అంటారు. మోటార్ల మధ్య తిరిగి తిరిగి ఆయన చెవులు సగం పోయాయి. మోటారు చప్పుడులో రవ్వంత తేడా వస్తే మాత్రం అన్నం ముందు నుంచి లేచి పరిగెత్తుతాడు. మనుషులు చెవిలో నోరు పెట్టి అరిచినా "నడుస్తోందిగా" అని ఊరుకుంటాడు.

వాళ్ళకి ఒక్కతే అమ్మాయి. ముందు గదిలో కూర్చుని ఫోన్లలో ఆర్డర్లు తీసుకుంటుంది. అమ్మాయికి ఒక మొగుడు ఉన్నాడు. మనిషి మంచివాడు, తెలివైనవాడు, చదువుకున్నవాడు. మూడు ఉద్యోగాలు మానేశాడని ఇంట్లో చెప్పుకుంటారు. మానేశాడో మాన్పించారో అడిగే ధైర్యం ఎవరికీ లేదు. ఆర్నెల్లుగా అత్తవారింట్లోనే ఉంటున్నాడు. అత్తవారింట్లో ఉండే అల్లుడి మనసు ఎక్కడ నొచ్చుకుంటుందో అని ఇంటిల్లిపాదీ పిల్లుల్లా నడుస్తుంటారు. ఒకసారి అతను వంటింట్లో అలమర బిగించాడు. అది కాస్తా ఒక పక్కకి వాలింది. "ఎలా ఉంది అత్తయ్యగారూ?" అని అడిగాడు. "బ్రహ్మాండం బాబూ" అంది పిన్ని. ఆ పూట నుంచీ ఇంట్లో అందరూ గ్లాసులు జారిపోకుండా వాలిన పక్కనే ఆనించి పెట్టడం అలవాటు చేసుకున్నారు.

అలాంటి అల్లుడు ఒకరోజు షెడ్డుకి కెమెరా తెస్తున్నాడని తెలిసింది. ముందురోజు సాయంత్రం అమ్మాయి తల్లిని బకెట్లు కడిగే చోటికి లాక్కెళ్ళింది.

"అమ్మా, రేపు ఆయన నాలుగో తొట్టిలో ఒక కెమెరా పెడుతున్నారు. దానికి రెండు కళ్ళుంటాయి. చేప దాని ముందు నుంచి వెళ్తే చాలు, పొడవూ వెడల్పూ కొలిచి బరువెంతో చెప్పేస్తుంది. వల వెయ్యక్కర్లేదు, చేపని ముట్టుకోనక్కర్లేదు."

"ముట్టుకోకుండా బరువు చెప్తుందా?" పిన్ని నోరు తెరిచింది.

"ఇదిగో, ఇదే వద్దంటున్నాను. ఆయన ముందు ఇలా నోరు తెరవకు."

"నేనేమన్నానే?"

"నువ్వు అనక్కర్లేదు, నీ మొహం అంటుంది. చూడమ్మా, మూడు చోట్ల నిలబడలేకపోయారు. ఇక్కడికి రాకముందు రెండు నెలలు గోడకేసి తిరిగి పడుకున్నారు. అన్నం తినమంటే తినేవారు, లేవమంటే లేచేవారు, అంతే. ఇప్పుడు వారం రోజుల నుంచి తనంతట తనే లేచి వైర్లు కలుపుకుంటున్నారు, ఈల వేస్తున్నారు. ఇది కూడా పోయిందనుకో, నాకు ఆ మనిషి మళ్ళీ దొరకడు."

పిన్ని కూతురి మొహం చూసింది. పిల్ల కళ్ళ కింద నల్లటి చారలు చూసింది.

"నా నోటి నుంచి ఒక్క మాట రాదు, పో" అని మాటిచ్చింది.

మర్నాడు కెమెరా నాలుగో తొట్టిలో దిగింది. నీళ్ళు లోపలికి వచ్చే గొట్టం పక్కన, ప్రవాహం నెమ్మదిగా ఉండే చోట దాన్ని బిగించాడు అల్లుడు. పైన గోడకి ఒక పెద్ద తెర పెట్టాడు. తొట్టి పక్కన ఒక మేత యంత్రం నిలబెట్టాడు. కెమెరా చెప్పిన సగటు బరువుని తొట్టిలోని నాలుగు వేల చేపలతో హెచ్చవేసి, ఆ లెక్కన మేత చల్లడం దాని పని. మేత మామ ఉద్యోగం ఇక ఆ యంత్రం డబ్బా నింపడం వరకే.

"అత్తయ్యగారూ, మీతో ఒక పనుంది" అన్నాడు అల్లుడు, చేతిలో పలక లాంటి ట్యాబ్ పట్టుకుని. "కెమెరా కొత్తది. దాని లెక్క సరైందో కాదో దానికి తెలీదు. ప్రతి సోమవారం మీరు ముప్పై చేపలు చేత్తో తూచి, సగటు ఈ గడిలో వెయ్యండి. తేడా వస్తే నేను సరిచేస్తాను. ఎంత తేడా ఉన్నా సరే, ఉన్నది ఉన్నట్టు వెయ్యండి."

ఏ మాటకి ఆ మాట చెప్పుకోవాలి. అతను చెప్పింది స్పష్టంగానే చెప్పాడు, ఆవిడ విన్నదీ స్పష్టంగానే విన్నది. కానీ ఆ ఇంట్లో అల్లుడు "ఉన్నది ఉన్నట్టు చెప్పండి" అన్నాడంటే అది అతని మర్యాద. ఉన్నది చెప్పకపోవడం అత్తగారి మర్యాద. ఇన్నాళ్ళూ ఇల్లు అలాగే గడిచింది.

మొదటి సోమవారం కెమెరా సగటు రెండు వందల అయిదు అంది. పిన్ని తూస్తే నూట ఎనభై ఎనిమిది వచ్చింది. ఆవిడ ట్యాబ్ పట్టుకుని కాసేపు నీళ్ళు నమిలింది. ఎదురుగా అల్లుడు పరీక్ష ఫలితం చూసుకునే పిల్లాడిలా నిలబడి ఉన్నాడు. పదిహేడు గ్రాములు ఒక లెక్కా, పొద్దున్నే వాటి కడుపు ఖాళీగా ఉంటుంది కదా అని తనకి తనే సర్ది చెప్పుకుని గడిలో రెండు వందల మూడు వేసింది.

"రెండు గ్రాములే తేడా!" అల్లుడు గాల్లో తేలాడు. "చూశారా అత్తయ్యగారూ?"

"బ్రహ్మాండం బాబూ."

ఆ పూట అతను రెండోసారి వడ్డించుకుని మరీ తిన్నాడు. అమ్మాయి తల్లి వంక చూసి కళ్ళతోనే దణ్ణం పెట్టింది. పిన్నికి తను చేసిన పనిలో తప్పేమీ కనపడలేదు.

మూడో వారానికి కెమెరా రెండు వందల అరవై ఎనిమిదికి ఎక్కింది. పిన్ని కాటా రెండు వందల నాలుగు దగ్గర నిలబడిపోయింది. ఇప్పుడు ఉన్నది చెప్పాలంటే పోయిన రెండు వారాలు చెప్పనిది కూడా చెప్పాలి. ఆవిడ రెండు వందల అరవై నాలుగు వేసింది. ఆరో వారానికి కెమెరా మూడు వందల అరవై, కాటా రెండు వందల పాతిక. ఆవిడ మూడు వందల యాభై ఏడు వేసింది. ఎప్పుడూ అచ్చు కెమెరా అంకె వెయ్యలేదు. ఒకసారి రెండు గ్రాములు తక్కువ, ఒకసారి మూడు ఎక్కువ. పంతొమ్మిదేళ్ళు నిజం తూచిన మనిషికి అబద్ధం కూడా ఎంత మోతాదులో వెయ్యాలో బాగా తెలుసు.

తేడా ఎక్కణ్ణుంచి వస్తోందో ఆవిడ అయిదో వారంలోనే కనిపెట్టింది. తొట్టిలో ఒక చేప ఉంది. పెద్దది, బలిసింది, తోక కొసన చిన్న గాటు ఉంది. మేత మామ దానికి పెద్దమనిషి అని పేరు పెట్టాడు. ఆ పెద్దమనిషికి కెమెరా ముందున్న చోటు తెగ నచ్చింది. నీళ్ళు నెమ్మదిగా ఉంటాయి, మేత ముందుగా అక్కడే పడుతుంది. అది అక్కడ తిష్ఠ వేసి, దగ్గరికొచ్చిన ప్రతి చేపనీ తరిమికొడుతోంది. కెమెరా పాపం తన ముందుకొచ్చిన చేపనే కొలుస్తుంది. రోజుకి మూడు వేల చేపల్ని కొలిచానని తెర మీద గొప్పగా రాసుకునేది. ఆ మూడు వేలూ ఒక్క పెద్దమనిషే.

అల్లుడికి మాత్రం ఆ అంకెల్లో ఇంకో అద్భుతం దొరికింది. ఇంటిల్లిపాదినీ తెర ముందు నిలబెట్టి చూపించాడు.

"ఇది చూడండి మావయ్యగారూ. సగటు ఒక్కటే కాదు, అసలు చేపకీ చేపకీ తేడానే లేదు! నాలుగు వేలూ ఒకే సైజులో పెరుగుతున్నాయి. మిగతా తొట్లలో చూడండి, ఒకటి చిటికెనవేలంత, ఒకటి చెయ్యంత. ఇక్కడ చిన్నదీ లేదు, పెద్దదీ లేదు. ఇలాంటిది నేను ఎక్కడా చదవలేదు."

"నడుస్తోందిగా" అన్నాడు బాబాయి.

"మిగతా తొట్లలో ఆ హెచ్చుతగ్గులు మనవల్లే వస్తున్నాయేమో అనిపిస్తోంది. వల వేసి కంగారు పెడుతున్నాం కదా, దాంతో కొన్ని మేత మానేస్తాయి." తర్వాత అత్తగారి వంక తిరిగి ఎంతో మెత్తగా అన్నాడు, "మిమ్మల్ని అనడం లేదు అత్తయ్యగారూ."

పిన్నికి అరికాలి మంట నెత్తికెక్కింది. తన కళ్ళ ముందు పుట్టిన యంత్రం, తన అబద్ధం తిని బతుకుతున్న యంత్రం, తన చేతికే వంక పెడుతోంది. అయినా కూతురు పక్కనే నిలబడి ఉంది, మొగుడి మాటలు వింటూ మొహమంతా వెలిగించుకుని ఉంది.

"అంతేనేమో బాబూ" అంది పిన్ని.

ఇక్కడితో ఆగితే ఇదొక ఇంటి భాగోతం, మనకెందుకులే అనుకోవచ్చు. కానీ మేత యంత్రం మర్యాదలు ఎరగదు. సగటు మూడు వందల అరవై అంటే మూడు వందల అరవైకి తగ్గట్టు చల్లుతుంది. రెండు వందల పాతికే ఉన్న చేపలు ఆ మేతంతా ఎలా తింటాయి? తినగా మిగిలింది అడుగున చేరి కుళ్ళుతూ నీళ్ళలో గాలిని మింగెయ్యడం మొదలుపెట్టింది. ముందుగా పసిగట్టింది మేత మామ.

"పిన్నీ, నీళ్ళు పోయే జాలీ అంతా మేతే. నీళ్ళు జిడ్డు కడుతున్నాయి. వేలు పెట్టి చూడు."

"నోరు మూసుకో."

"నేను మూసుకుంటా. చేపలు తెరుస్తాయి."

ఆ మాట పిన్నికి గుచ్చుకుంది. అప్పుడు ఆవిడ ఒక ఉపాయం పన్నింది. నిజం చెప్పడం తప్ప ఎంత కష్టమైన పనైనా చేస్తుంది ఆవిడ. రోజూ పొద్దున్నే, అల్లుడు టీ తాగి వచ్చేలోపల, ఇద్దరూ కలిసి యంత్రం డబ్బాలోంచి సగం మేత తోడేసి, బకెట్ మీద గుడ్డ కప్పి, మేత గదిలో మళ్ళీ సంచుల్లో పోసేవారు. డబ్బాలోకి పొయ్యడం మామ ఉద్యోగం, డబ్బాలోంచి తియ్యడం కూడా మామ ఉద్యోగమే అయింది. సంచులు ఎందుకు తరగడం లేదని అడిగేవాడు లేడు. మేత గదిలో కెమెరా లేదు కదా.

ఇలా మరో ఏడు వారాలు గడిచాయి. నీళ్ళు పూర్తిగా బాగుపడలేదు, పూర్తిగా పాడవలేదు. పిల్లలుగా వచ్చినప్పటి నుంచీ తన చేతుల మీద పెరిగిన చేపలు అంతంతమాత్రంగానే ఎదగడం చూసి పిన్ని లోపల్లోపలే కుమిలింది. పైకి మాత్రం ప్రతి సోమవారం గడిలో మంచి అంకె వేసింది. అల్లుడు భుజాలు విరుచుకుని నడుస్తున్నాడు. అమ్మాయి కళ్ళ కింద చారలు పోయాయి. ఇవి చూసుకుని పిన్ని తొట్టి సంగతి మరిచిపోవడానికి ప్రయత్నించింది.

పదమూడో వారంలో అల్లుడు పరిగెత్తుకుంటూ వచ్చాడు. చేపల పెంపకందార్ల సంఘం నుంచి పదిమంది నాలుగో తొట్టి చూడటానికి వస్తున్నారట. చేపలన్నీ ఒకే సైజులో ఎలా పెరుగుతున్నాయో చూసి నేర్చుకుంటారట. ఇంకో మూడు రోజులే ఉంది. అతను షెడ్డులోనే మకాం పెట్టాడు. గోడలు కడిగించాడు, వైర్లకి తొడుగులు వేయించాడు. వచ్చినవాళ్ళకి మేత పడటం కనపడాలని యంత్రం డబ్బాకి అద్దం మూత పెట్టి తాళం వేశాడు. తాళంచెవి జేబులో వేసుకున్నాడు.

పిన్నీ మామా ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

మొదటి రోజు మేతంతా పడింది. రెండో రోజూ పడింది. పిన్ని జాలీ ఎత్తి చూస్తే ముద్దలు ముద్దలుగా వచ్చింది. ఇక లాభం లేదని గుండె దిటవు చేసుకుని అల్లుడి దగ్గరికి వెళ్ళింది.

"బాబూ, ఈ మేత డబ్బా కొంచెం..."

"చెప్పండి అత్తయ్యగారూ." అతను నిచ్చెన మీద నుంచి వంగి చూశాడు. మొహం నిండా దుమ్ము, ఆ దుమ్ములో నవ్వు. ఆ మొహం గోడకేసి తిరిగి పడుకున్న మొహం కాదు.

"కొంచెం... అద్దం మూత పెట్టాక ఎంత బాగుందో" అంది పిన్ని.

"అవునా? నేనూ అదే అనుకున్నా!"

వెనక్కి వచ్చి ఏడో తొట్టి చాటున నిలబడి తనని తనే తిట్టుకుంది. రేపొక్కరోజు గడిస్తే తాళంచెవి దొరుకుతుంది, ఒక్కరోజుకి కొంపలేమీ మునగవు అనుకుంది.

మూడో రోజు పొద్దున పదిమందీ వచ్చారు. అందరివీ చేపల మధ్య ముసలైన మొహాలే, కానీ బంధువుల ఇంటికి వచ్చినట్టు ఇస్త్రీ బట్టలేసుకుని వచ్చారు. నాలుగో తొట్టి చుట్టూ నిలబడ్డారు. అప్పటికే తొట్టి నిండా చేపలు పైకి తేలి, నీటి మట్టానికి మూతులు ఆనించి గుటుకూ గుటుకూ నోళ్ళు తెరుస్తున్నాయి.

"మనుషులకి ఎంత మాలిమి అయ్యాయండీ!" అన్నాడు ఒకాయన.

"మన వంకే చూస్తున్నాయి" అన్నాడు ఇంకొకాయన, ఫోన్ తీసి ఫొటో తీస్తూ. పెంపకందారు పక్కవాడి తొట్టిలో చేపలు ఊపిరాడక తేలుతుంటే ఆ మాత్రం పోల్చుకోలేడా అంటే, పోల్చుకోగలడు. నేర్చుకోవడానికి వచ్చిన చోట తప్పు పట్టకూడదని వాళ్ళకీ ఎవరో నేర్పి ఉంటారు.

పిన్ని గోడకి ఆనుకుని నిలబడింది. అల్లుడు తెర వైపు చెయ్యి చూపించి మాట్లాడుతున్నాడు.

"ఇప్పుడు మీరు చూస్తున్న సగటు ఆరు వందల పది. దాదాపు ఏ చేపని చూసినా..."

అప్పుడే పెద్దమనిషికి ఊపిరి చాలలేదు. ఒంటి నిండా కొవ్వు పట్టిన ఆ చేప పదమూడు వారాల్లో మొదటిసారి తన చోటు వదిలి, పక్కకి ఒరుగుతూ పైకి తేలింది. ఖాళీ అయిన చోట్లోకి చిన్న చేపలు బిలబిలమంటూ వచ్చాయి. తెర మీద ఆరు వందల పది కాస్తా అయిదు వందల నలభై అయింది. నాలుగు వందల డెబ్బై అయింది. మూడు వందల అరవై అయింది.

"ఇదేమిటండీ," అన్నాడు ఫొటో తీస్తున్నాయన, "మన కళ్ళ ముందే చిక్కిపోతున్నాయి!"

అల్లుడి చెయ్యి తెర వైపు అలాగే ఉండిపోయింది.

పిన్ని ఇంక ఆగలేకపోయింది. "మేత ఆపండి!" అని షెడ్డంతా అదిరేలా అరిచింది. "ఊపిరాడటం లేదు వాటికి, కనపడటం లేదూ? మామా, ఆ యంత్రం వైరు లాగెయ్!" పరిగెత్తుకెళ్ళి మొగుడి భుజాలు పట్టుకుని కుదిపింది. ఆయన అలవాటుగా నోరు తెరిచేలోపే ఆవిడే అరిచింది. "నడుస్తోంది మోటారు! పోతున్నవి చేపలు! కొత్త నీళ్ళు వదులు!"

పెళ్ళయ్యాక ఆయనకి ఆవిడ మాట పూర్తిగా వినపడింది బహుశా అప్పుడే. ఒక్క ఉదుటున వెళ్ళి కొత్త నీళ్ళ గొట్టం గేటు తిప్పాడు. మామ వైరు పీకాడు. పక్క తొట్లలో గాలి కొట్టే ఏరేటర్లు రెండు మోసుకొచ్చి ఇందులో దింపారు. సంఘం వాళ్ళు కూడా ఇస్త్రీ మడతలు మరిచిపోయి, ప్యాంట్లు మడిచి బకెట్లతో పాత నీళ్ళు తోడారు. ఆ పని వాళ్ళకి బాగా వచ్చు. గంట సేపటికి చేపలు మెల్లగా కిందికి దిగాయి.

అన్నీ దిగలేదు. తేలినవి లెక్కపెడితే నాలుగు వందల పదకొండు. సంఘం వాళ్ళు తడి బట్టలతో, వచ్చినప్పటికంటే ఎక్కువ మర్యాదగా సెలవు తీసుకున్నారు. "చాలా నేర్చుకున్నామండీ" అని కూడా ఒకాయన అన్నాడు.

అల్లుడు చచ్చిన చేపల్లోంచి పెద్దమనిషిని వెతికి తీశాడు. తోక మీద గాటు వేలితో తడిమాడు. కాటా మీద పెట్టాడు. ఆరు వందల పన్నెండు. ఆ తర్వాత అలవాటు లేని చేతులతో వల ముంచి బతికిన చేపలు ముప్పై తీశాడు. ఒక్కొక్కటే తూచి, వేళ్ళ మీద లెక్కపెట్టుకుంటూ రాశాడు. సగటు రెండు వందల తొంభై. పిన్నీ, అమ్మాయీ, బాబాయీ, మామా వరసగా నిలబడి చూస్తున్నారు. ఎవరికీ దగ్గరికి వెళ్ళే ధైర్యం లేదు.

"కెమెరా తప్పు చెప్పలేదు" అన్నాడు అతను చివరికి. "తను చూసిన చేప గురించి రెండు గ్రాముల తేడాతో సరిగ్గానే చెప్పింది." ట్యాబ్ తీసి చేతి తూకం గళ్ళు చూపించాడు. "మరి ఇవి ఎక్కణ్ణుంచి వచ్చాయి అత్తయ్యగారూ?"

"నేనే వేశాను బాబూ." పిన్ని ఒప్పుకుంది. "తూచకుండా వెయ్యలేదు. ప్రతి సోమవారం తూచాను. తూచింది ఒకటి, వేసింది ఒకటి."

"ఎందుకు?"

"మీ మనసు కష్టపడుతుందని."

అమ్మాయి ముందుకొచ్చింది. "ఏమీ అనొద్దని అమ్మకి నేనే చెప్పానండీ..."

అతను చెయ్యెత్తి ఆపాడు. కోపం ఉంటే బాగుండేది. కోపం లేదు ఆ మొహంలో.

"మూడో వారంలోనే నాకు అనుమానం వచ్చింది. ఫొటోలన్నిటిలో ఇదే తోక, ఇదే గాటు. ఒకే చేప వస్తోందేమో అనుకున్నాను. సోమవారం మీ తూకం చూశాను. సరిపోయింది. పంతొమ్మిదేళ్ళ చెయ్యి కదా, నా కళ్ళదే తప్పు అనుకున్నాను. నా కళ్ళు తప్పడం నాకు అలవాటే." ట్యాబ్ కింద పెట్టాడు. "మీ గడిలో అరవై గ్రాముల తేడా కనపడి ఉంటే కెమెరాని రెండడుగులు అవతలికి జరిపేవాణ్ణి. అంతే పని. రెండడుగులు."

నాలుగు వందల పదకొండు చేపలు ప్లాస్టిక్ ట్రేలలో వరసగా ఉన్నాయి. ఈ చేపల్ని చంపింది కెమెరా కాదు, మేత యంత్రం కాదు, ఆ కుర్రవాడు అసలే కాదు. పిన్నికి తన చేతుల వంక చూసుకోబుద్ధి కాలేదు.

"ఒక్కటి అడుగుతాను" అన్నాడు అల్లుడు. "పెళ్ళయి నాలుగేళ్ళు. ఈ ఇంట్లో నేను ఏం చేసినా బాగుందనే అన్నారు మీరందరూ. అందులో నిజంగా బాగున్నది ఏదైనా ఉందా?"

నాలుగేళ్ళలో ఇదే మొదటిసారి, అతను అడిగిన ప్రశ్న గురించి పిన్ని ఆలోచించింది. ఆలోచిస్తే దొరికింది.

"ఉంది బాబూ. మామకి మోకాళ్ళు వంగవని ఆరో తొట్టి దగ్గర ఇనప మెట్టు కట్టారు చూడండి. ఎవరూ అడగలేదు, మీ అంతట మీరే చూసి కట్టారు. అది చాలా బాగుంది. మా అమ్మాయిని మంచి మనిషికే ఇచ్చామని ఆ రోజు అనుకున్నాను."

అది నిజం. ఆవిడ జీవితంలో అంత కచ్చితంగా తూచి చెప్పిన మాట ఇంకొకటి లేదు. పక్కనున్న మామ అవునవునని గబగబా తల ఊపాడు. బాబాయి కూడా, విన్నాడో లేదో, ఊపాడు.

అల్లుడు ఆవిడ మొహంలోకి చూశాడు. చాలాసేపు చూశాడు. ఆవిడ కళ్ళు తిప్పుకోకుండా నిలబడింది.

"థాంక్స్ అత్తయ్యగారూ" అన్నాడు, చక్కగా నవ్వుతూ.

అతను నమ్మలేదని పిన్నికి తెలిసిపోయింది. ఆవిడ మనసు నొచ్చుకుంటుందని నమ్మినట్టు నటించాడు.